కుక్కల ఆహారపు ఉపసంహరణ

కుక్కల ఆహారపు ఉపసంహరణ అనగా, కర్మాగారంలో తయారై సంచులలోను, డబ్బాలలోను అమ్ముడయ్యే కుక్కల ఆహారంలో హానికరమైన దోషం ఉన్నదని తెలిసినపుడు, ఆ సరుకును తయారీదారు దుకాణాల నుండి మరియు కొనుగోలుదారుల ఇళ్ళ నుండి వెనుకకు రప్పించుకొనుట. వాడుకలో దీనిని రికాల్ అంటారు. బూజు వలన పుట్టే విషాలు, సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు, విటమినుల మోతాదులో పొరపాట్లు, కల్తీ మొదలైనవి దీనికి ముఖ్య కారణాలు. పిల్లుల ఆహారానికి కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది. ఈ విషయంలో అన్నింటికంటే పెద్ద ఉదంతం 2007లో ఉత్తర అమెరికాలో జరిగినది. పెంపుడు జంతువుల యజమానికి ప్రమాద సమాచారం ఎంత ఆలస్యంగా, ఎంత ముక్కలుముక్కలుగా చేరుతుందో ఆ ఉదంతం బయటపెట్టినది. నేడు అమెరికాలో అమలులో ఉన్న హెచ్చరిక ఏర్పాట్లు చాలావరకు దాని తరువాత వచ్చినవే.

రికాల్ పద్ధతి

రికాల్ సాధారణంగా తయారీదారు స్వచ్ఛందంగా ప్రకటించేది. స్వచ్ఛందం అన్నమాట కొంత భ్రమ కలిగించేదే. అధికారుల పరీక్షలో దోషం బయటపడిన పిదప, వారి ఒత్తిడి మీద ప్రకటించినా అది స్వచ్ఛందమైన రికాల్ గానే లెక్కించబడుతుంది. అమెరికాలో ఈ వ్యవహారాన్ని పర్యవేక్షించేది ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ. దీనిని పొడి అక్షరాలలో ఎఫ్‌డిఏ అంటారు. ఇందులోని పశువైద్య విభాగం పెంపుడు జంతువుల ఆహారాన్ని చూస్తుంది.

ఎఫ్‌డిఏ రికాళ్ళను మూడు తరగతులుగా విభజిస్తుంది. తీవ్రమైన అనారోగ్యం లేదా మరణం సంభవించే అవకాశం గట్టిగా ఉన్నవి మొదటి తరగతి. తాత్కాలికమైన, నయమయ్యే జబ్బు కలిగించగలవి రెండవ తరగతి. జబ్బు కలిగించే అవకాశం దాదాపు లేకపోయినా నిబంధనలకు విరుద్ధమైనవి మూడవ తరగతి. అయితే ఈ తరగతి నిర్ణయం రికాల్ ప్రకటించిన నాడే జరగదు; కొన్ని వారాల తరువాత వెలువడటం పరిపాటి. కనుక తరగతి తెలిసేదాకా ఆగి అప్పుడు సంచి పారవేద్దామనుకొనే యజమానికి ఆ విభజన వలన ఉపయోగం లేదు.

2007 నాటి మెలమైన్ ఉదంతం

మెనూ ఫుడ్స్ అనే సంస్థ కెనడాలోని ఒంటారియో రాష్ట్రానికి చెందినది. కాన్సాస్ రాష్ట్రంలోని ఎంపోరియా, న్యూజెర్సీ రాష్ట్రంలోని పెన్‌సాకెన్ పట్టణాలలో దీనికి కర్మాగారాలు ఉండేవి. ఇది తన పేరుతో సరుకు అమ్మేది కాదు. ఇతర సంస్థల కొరకు, వారి పేర్లతో, వారి చీటీలు అంటించి ఆహారం తయారుచేసి ఇచ్చేది. ప్రొక్టర్ అండ్ గాంబుల్ వారి అయామ్స్, యూకనూబా వంటి ఖరీదైన పేర్లు, వాల్‌మార్ట్ దుకాణాలలో చౌకగా దొరికే పేర్లు కూడా ఇక్కడి నుండే వచ్చేవి. దుకాణంలో పక్కపక్క అరలలో, వేర్వేరు ధరలకు కనిపించే డబ్బాలు ఒకే కర్మాగారంలో తయారైనవని కొనేవారిలో చాలామందికి అప్పటివరకు తెలియదు.

2007 ఫిబ్రవరి 20న ఈ సంస్థకు మొదటి ఫిర్యాదు అందినది. ఆహారం తిన్న జంతువులకు మూత్రపిండాలు చెడినట్లు అందులో ఉన్నది. ఆ నెలాఖరులో సంస్థ జరిపిన రుచి పరీక్షలలో కూడా కొన్ని జంతువులు మరణించినవి. మార్చి 16న రికాల్ ప్రకటించబడినది. మొదటి ఫిర్యాదుకు, ప్రకటనకు మధ్య 24 రోజులు గడిచినవి. గ్రేవీలో మాంసపు ముక్కలు ఉండే తరహా తడి ఆహారం, 2006 డిసెంబరు 3 నుండి 2007 మార్చి 6 వరకు తయారైనది, సుమారు 6 కోట్ల డబ్బాలు మరియు పౌచ్‌లు ఈ ప్రకటన పరిధిలోకి వచ్చినవి. అప్పటికి అంత పెద్ద రికాల్ ఆ రంగంలో ఎన్నడూ జరగలేదు.

ప్రకటన వెలువడిన తరువాతి రోజులలో సంస్థ టెలిఫోన్లు ఎంతకూ కలవలేదు. 80కి పైగా వాణిజ్య నామాలు జాబితాలో ఉండటంతో యజమానులు ఖాళీ డబ్బాలను చెత్తబుట్ట నుండి తీసి చూసుకోవలసి వచ్చినది.

కారణం కొరకు అన్వేషణ

ఏ పదార్థం వలన మూత్రపిండాలు చెడుతున్నవో మొదట ఎవరికీ అంతుపట్టలేదు. మార్చి 23న న్యూయార్క్ రాష్ట్ర ఆహార ప్రయోగశాల, కార్నెల్ విశ్వవిద్యాలయం కలిసి, అనుమానిత ఆహారంలో అమినాప్టెరిన్ ఉన్నదని ప్రకటించినవి. ఇది కొన్ని దేశాలలో ఎలుకల మందుగా వాడబడిన పదార్థం. పత్రికలన్నీ ఎలుకల మందు అని పెద్ద అక్షరాలలో వేసినవి. కాని ఎఫ్‌డిఏ పరీక్షలలో అది నిర్ధారణ కాలేదు. మార్చి 30న ఎఫ్‌డిఏ వేరొక పేరు చెప్పినది: మెలమైన్. ఆహారంలో వాడిన గోధుమ గ్లూటెన్‌లోను, జబ్బుపడిన పిల్లి మూత్రంలోను అది దొరికినది.

మెలమైన్ తెలుగువారి వంటింట్లోనూ పరిచయమైన పేరే. గట్టి ప్లాస్టిక్ పళ్ళాలు, బల్లల పైపొరలు దానితో చేసిన రెసిన్ నుండి తయారవుతాయి. అది తినే వస్తువు కాదు. మరి ఆహారంలోకి ఎందుకు వచ్చినది?

గోధుమ గ్లూటెన్ అనగా గోధుమపిండిలో పిండిపదార్థాన్ని కడిగివేయగా మిగిలే బంకవంటి మాంసకృత్తి. తడి ఆహారంలో గ్రేవీని చిక్కబరచుటకు దీనిని వాడతారు. ఈ గ్లూటెన్ చైనాలోని జియాంగ్సు రాష్ట్రానికి చెందిన షూజౌ అన్‌యింగ్ అనే సంస్థ నుండి వచ్చినది. అమెరికాలో లాస్ వేగాస్‌లోని కెమ్‌న్యూట్రా అనే సంస్థ దిగుమతి చేసుకొని మెనూ ఫుడ్స్‌కు అమ్మినది. 2006 నవంబరు మొదలు 2007 ఫిబ్రవరి వరకు 800 టన్నులకు పైగా సరుకు ఇలా వచ్చినట్లు తరువాతి నేరారోపణ పత్రంలో ఉన్నది. ఎగుమతి సమయంలో తప్పనిసరి తనిఖీ అవసరం లేని సరుకుగా దీనిని నమోదు చేయించారని కూడా ఆ పత్రం పేర్కొన్నది. మే నెలలో మరొక సంగతి బయటపడినది. గ్లూటెన్ అని వచ్చినది నిజానికి గ్లూటెనే కాదు, మెలమైన్ కలిపిన మామూలు గోధుమపిండి.

మాంసకృత్తుల లెక్క

ఈ మోసానికి ఆధారం ఒక పాత ప్రయోగశాల పద్ధతి. ఆహారంలో మాంసకృత్తి ఎంత ఉన్నదో కొలుచుటకు డెన్మార్క్ రసాయన శాస్త్రజ్ఞుడు జోహాన్ కెల్డాల్ 1883లో ఒక పద్ధతి కనిపెట్టాడు. ఇందులో కొలిచేది మాంసకృత్తిని కాదు, దానిలోని నత్రజనిని. మాంసకృత్తులలో సుమారు 16 శాతం నత్రజని ఉంటుంది కనుక, కొలిచిన నత్రజనిని 6.25తో గుణిస్తే మాంసకృత్తి పరిమాణం వస్తుందని అంచనా. పద్ధతి సులువైనది, చౌకైనది. అయితే ఆ నత్రజని ఎక్కడి నుండి వచ్చినదని అది అడగదు.

మెలమైన్ బరువులో మూడింట రెండు వంతులు నత్రజని. 100 గ్రాముల మెలమైన్‌లో 66.6 గ్రాముల నత్రజని ఉంటుంది. దానిని 6.25తో గుణిస్తే 416 గ్రాములు అవుతుంది. అనగా 100 గ్రాముల మెలమైన్ కలిపితే, ప్రయోగశాల కాగితం మీద 416 గ్రాముల మాంసకృత్తి ఉన్నట్లు కనబడుతుంది! చౌకైన పిండిలో కొద్దిగా ఈ పొడి కలిపితే చాలు, ఖరీదైన గ్లూటెన్ లెక్క వచ్చేస్తుంది. సంచి మీద అచ్చయ్యే మాంసకృత్తుల శాతం నత్రజని మీద కట్టిన లెక్కే అన్న సంగతి ఈ ఉదంతంతోనే సామాన్య ప్రజలకు తెలిసినది.

మూత్రపిండాలలో స్ఫటికాలు

ఇక్కడ శాస్త్రజ్ఞులకు ఒక చిక్కు ఎదురైనది. మెలమైన్ ఒక్కటే అయితే అంత విషపూరితం కాదని పూర్వపు ప్రయోగాలు చెప్పినవి. అటువంటప్పుడు ఇన్ని జంతువులు ఎట్లా చనిపోయినవి? ఏప్రిల్ చివరలో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం వారు సమాధానం చూపారు. కల్తీ సరుకులో మెలమైన్‌తో పాటు దాని బంధువైన సయన్యూరిక్ ఆమ్లం కూడా ఉన్నది. ఈ రెంటినీ పిల్లి మూత్రంలో కలిపినపుడు కళ్ళ ఎదుటే స్ఫటికాలు ఏర్పడినవి. ఈ రెండు అణువులు ఒకదానినొకటి హైడ్రోజన్ బంధాలతో పెనవేసుకొని, నీటిలో కరగని జాలరుగా మారుతాయి. మూత్రపిండంలోని సన్నని నాళికలలో ఈ స్ఫటికాలు పేరుకొని దారిని మూసివేస్తాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో తరువాత జరిగిన పరిశోధన కూడా దీనిని సమర్థించినది.

జబ్బు లక్షణాలు ఆకలి మందగించుట, వాంతులు, మందకొడితనం, అతిదాహం, మాటిమాటికి మూత్రవిసర్జన. పిల్లులు కుక్కలకంటే ఎక్కువ బాధపడినవి. ఈ లక్షణాలు ఎన్నో ఇతర జబ్బులలోను కనబడేవే కావటం వలన, ముసలి జంతువుకు సహజంగా వచ్చిన మూత్రపిండ వ్యాధి అని చాలామంది భావించారు.

ఇటువంటి పొరపాటు అంతకుముందే ఒకసారి జరిగినది. 2004లో తైవాన్ తదితర ఆసియా దేశాలలో, థాయిలాండ్‌లో తయారైన పెడిగ్రీ ఆహారం తిన్న కుక్కలకు మూత్రపిండాలు చెడినవి. అది బూజు విషం వలన కలిగినదని అప్పట్లో అనుకొన్నారు. 2007 తరువాత దాచి ఉంచిన కణజాలాలను మరల పరీక్షించగా అవే స్ఫటికాలు కనబడినవి. 2004లోనే అసలు కారణం తెలిసి ఉంటే 2007 నాటి నష్టం ఎంత తప్పేదో ఊహించవచ్చును.

పెరుగుతూ పోయిన జాబితా

యజమానులకు అసలు కష్టం ఈ దశలో మొదలైనది. మొదటి ప్రకటనలో తడి ఆహారం మాత్రమే ఉన్నది. పొడి ఆహారం పెట్టేవారు ఊపిరి పీల్చుకొన్నారు. మార్చి 30న హిల్స్ సంస్థ పిల్లుల కొరకు చేసిన ఒక పొడి ఆహారాన్ని ఉపసంహరించినది. అది పశువైద్యుని చీటీ మీద ఇచ్చే రకం. అదే రోజున ప్యూరినా సంస్థ, మరునాడు డెల్ మోంటే సంస్థ తమ సరుకులు కొన్ని వెనుకకు పిలిచినవి. ఏప్రిల్ మొదటి వారంలో మెనూ ఫుడ్స్ తన తయారీ తేదీల పరిధిని 2006 నవంబరు 8 వరకు వెనుకకు జరిపినది. మార్చి 16న జాబితా చూసి తన డబ్బా అందులో లేదని నిశ్చింతగా పెట్టిన వ్యక్తి, మూడు వారాల తరువాత అదే డబ్బా జాబితాలో చేరినట్లు తెలుసుకొన్నాడు.

ఏప్రిల్ మధ్యలో గోధుమతో సంబంధం లేని మరొక వరుస మొదలైనది. చైనాలోని షాన్‌డాంగ్ రాష్ట్రం నుండి వచ్చిన బియ్యపు మాంసకృత్తిలో కూడా మెలమైన్ దొరికినది. సాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన విల్బర్-ఎల్లిస్ సంస్థ దానిని దిగుమతి చేసుకొన్నది. గోధుమ లేని ఆహారం మంచిదని మార్చుకొన్నవారికి ఇది రెండవ దెబ్బ. దక్షిణ ఆఫ్రికాలో మొక్కజొన్న గ్లూటెన్‌లో కూడా అదే కల్తీ బయటపడినది. పెంపుడు జంతువుల ఆహారపు మిగులును పందులకు, కోళ్ళకు దాణాగా వాడటం వలన మనుషుల ఆహారంలోకి కూడా కొంత చేరినదని తేలినది. ఆ మాంసం తిన్నవారికి ప్రమాదం బహు స్వల్పమని అధికారులు నిర్ణయించారు.

ఈలోగా రికాల్ అయిన డబ్బాలు కొన్ని దుకాణాల అరలలో అట్లే ఉన్నట్లు తనిఖీలలో తెలిసినది. ఏప్రిల్ 12న అమెరికా సెనేట్ ఉపసంఘం ఈ విషయమై విచారణ జరిపినది.

మరణాల సంఖ్య

ఎన్ని జంతువులు చనిపోయినవో కచ్చితమైన లెక్క లేదు. అధికారికంగా నిర్ధారణ అయిన మరణాలు ఇరవై లోపే. యజమానులు ఎఫ్‌డిఏకు చేసిన ఫిర్యాదులు మాత్రం 17,000 దాటినవి. వాటిలో సుమారు 1,950 పిల్లులు, 2,200 కుక్కలు మరణించినట్లు ఉన్నది. ఈ రెండు అంకెల మధ్య ఇంత అంతరం ఉండుటకు కారణం స్పష్టమే. మనుషుల అంటువ్యాధులను లెక్కకట్టుటకు ఉన్నటువంటి వ్యవస్థ పెంపుడు జంతువులకు ఆనాడు లేదు. చనిపోయిన జంతువుకు శవపరీక్ష చేయించి, మూత్రపిండపు ముక్కను ప్రయోగశాలకు పంపినవారు చాలా తక్కువ. పెరటిలో పూడ్చిపెట్టిన కుక్క ఏ పట్టికలోకీ ఎక్కలేదు.

న్యాయస్థానాలలో

2008 ఫిబ్రవరి 6న కాన్సాస్ సిటీలో ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ రెండు చైనా సంస్థల మీద, కెమ్‌న్యూట్రా మీద, వాటి నిర్వాహకుల మీద నేరారోపణ చేసినది. కెమ్‌న్యూట్రా యజమానులు 2009లో చిన్న నేరాలుగా పరిగణించే అభియోగాలను ఒప్పుకొన్నారు. 2010లో వారికి మూడేళ్ళ ప్రొబేషన్, ఒక్కొక్కరికి 5,000 డాలర్ల జరిమానా, సంస్థకు 25,000 డాలర్ల జరిమానా విధించబడినవి. యజమానులు వేసిన సామూహిక దావా 2008లో 2.4 కోట్ల డాలర్ల పరిహార నిధితో రాజీ అయినది. పశువైద్యుని బిల్లులు, సంచి లేదా డబ్బా ఆధారం భద్రపరచుకొన్నవారికి ఈ పరిహారం పొందుట తేలికైనది.

అదే మెలమైన్ 2008లో చైనాలో పసిపిల్లల పాలపొడిలో బయటపడినది. ఆరుగురు శిశువులు మరణించగా, సుమారు 3 లక్షల మంది జబ్బుపడ్డారు. ఆ సెప్టెంబరులో భారత ప్రభుత్వం చైనా పాలు, పాల ఉత్పత్తుల దిగుమతిని నిషేధించినది. ఆ నిషేధం తరువాత పలుమార్లు పొడిగించబడినది. పాలలో కూడా మోసపు సూత్రం నత్రజని లెక్కయే. కుక్కల, పిల్లుల మరణాలు ఒక సంవత్సరం ముందే ఈ హెచ్చరిక చేసినవి.

తరువాత వచ్చిన చట్టాలు

2007 సెప్టెంబరు 27న అమెరికాలో అమలులోకి వచ్చిన ఆహార, ఔషధ సవరణ చట్టంలో పెంపుడు జంతువుల ఆహారం గురించి ప్రత్యేక సెక్షన్లు చేర్చబడినవి. కల్తీని, జబ్బులను ముందుగా పసిగట్టే ఏర్పాటు చేయవలెనని, రికాళ్ళ జాబితాను ప్రజలు వెతికి చూసుకొనుటకు వీలైన రీతిలో ఉంచవలెనని ఇందులో ఉన్నది. ఈ చట్టం ప్రకారమే, ప్రమాదకరమైన ఆహారం తమ వద్ద ఉన్నదని తెలిసిన సంస్థలు తప్పనిసరిగా తెలియజేయవలసిన రిజిస్టరు 2009లో ప్రారంభమైనది. 2010లో యజమానులు, పశువైద్యులు నేరుగా ఫిర్యాదు నమోదు చేసే ఆన్‌లైన్ ద్వారం తెరవబడినది. 2011 ఆగస్టులో ఫెడరల్, రాష్ట్ర అధికారులు పరస్పరం సమాచారం పంచుకొనే పెట్‌నెట్ అనే యంత్రాంగం వచ్చినది.

వీటన్నింటికంటె ముఖ్యమైనది 2011 జనవరి 4న సంతకమైన ఆహార భద్రత ఆధునికీకరణ చట్టం. అంతకుముందు తయారీదారు ఒప్పుకొంటే తప్ప, పెంపుడు జంతువుల ఆహారాన్ని వెనుకకు రప్పించమని ఆజ్ఞాపించే అధికారం ఎఫ్‌డిఏకు లేదు. ఈ చట్టం ఆ అధికారాన్ని ఇచ్చినది. కర్మాగారాలు ప్రమాదాలను ముందే గుర్తించి నివారించే ప్రణాళిక రాసుకోవలెనన్న నియమం జంతువుల ఆహారానికి 2015లో ఖరారైనది.

ఇతర కారణాలు

మెలమైన్ ఉద్దేశపూర్వకమైన కల్తీ. సాధారణంగా జరిగే రికాళ్ళు అట్టివి కావు.

అఫ్లటాక్సిన్ అనేది ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పుట్టించే విషం. మొక్కజొన్న, వేరుశనగ పంటలలో వస్తుంది. రాయలసీమ వేరుశనగ రైతులకు, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధకులకు ఇది పాత శత్రువు. రంగు, వాసన చూసి కనిపెట్టలేము. కర్మాగారంలోని వేడికి కూడా పూర్తిగా నశించదు. కుక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది, కళ్ళు, చిగుళ్ళు పచ్చబడతాయి. అమెరికాలో దీని పరిమితి వంద కోట్ల భాగాలలో 20 భాగాలు. 2005 డిసెంబరులో డైమండ్ సంస్థ దక్షిణ కెరొలినా కర్మాగారపు సరుకు వలన వందకు పైగా కుక్కలు మరణించినవి. 2020 డిసెంబరు 30న మిడ్‌వెస్టర్న్ పెట్ ఫుడ్స్ సంస్థ స్పోర్ట్‌మిక్స్ అనే ఆహారాన్ని ఉపసంహరించినది. 2021 జనవరి నాటికి ఆ ఆహారంతో ముడిపడినట్లు అందిన నివేదికలలో 110 కుక్కలు మరణించినట్లు ఉన్నది.

సాల్మొనెల్లా విషయంలో ప్రమాదం కుక్కకంటె ఇంటివారికే ఎక్కువ కావచ్చును. కుక్క ఏ లక్షణమూ లేకుండా సూక్ష్మజీవిని మోస్తూ ఉండవచ్చు. గిన్నె తాకిన పసివాడు జబ్బుపడతాడు. 2012లో మిచిగన్ రాష్ట్ర అధికారులు మామూలు తనిఖీలో తెరవని సంచి ఒకటి పరీక్షించగా సాల్మొనెల్లా దొరికినది. దాని వెంట సాగిన దర్యాప్తులో అమెరికా, కెనడాలలో 49 మంది మనుషులకు ఈ జబ్బు వచ్చినట్లు తేలినది.

విటమినుల లెక్క తప్పినా ప్రాణహాని కలుగుతుంది. 2019 జనవరి 31న హిల్స్ సంస్థ డబ్బా ఆహారాన్ని ఉపసంహరించినది. సరఫరాదారు పంపిన విటమిన్ మిశ్రమంలో డి విటమిన్ మోతాదు మించిపోయినది. ఈ విటమిన్ కొవ్వులో నిలువ ఉండేది కనుక అధికమైనది బయటకు పోక, రక్తంలో కాల్షియాన్ని పెంచి మూత్రపిండాలను చెరుపుతుంది.

ప్రతి హెచ్చరికా రికాల్ కాదు. ధాన్యం లేని ఆహారానికి, కుక్కలలో గుండె కండరం సాగిపోయే వ్యాధికి సంబంధం ఉండవచ్చునని 2018 జూలైలో ఎఫ్‌డిఏ దర్యాప్తు ప్రకటించినది. దాని మీద చర్చ ఎంతో జరిగినా, ఆ కారణంగా ఆహారాలను ఉపసంహరించలేదు. ఇటువంటి సందర్భంలో జాబితాలు వెతికినా ఏమీ దొరకదు. తన కుక్క జాతి, వయసు తెలిసిన పశువైద్యుని సలహాయే మార్గం.

ఒక సంస్థ పేరు రికాల్ జాబితాలో ఉన్నంత మాత్రాన అది చెడ్డదనీ, ఎన్నడూ లేకపోతే మంచిదనీ నిర్ణయించుట పొరపాటు. పరీక్షలు చేయని సంస్థకు దోషం దొరకదు, దోషం దొరకని సంస్థకు రికాల్ ఉండదు.

యజమానికి సమాచారం చేరే మార్గాలు

ఎఫ్‌డిఏ తన జాలస్థలంలో రికాల్ ప్రకటనలను ఉంచుతుంది. చందాదారులకు ఈమెయిలు ద్వారా కూడా పంపుతుంది. పత్రికా ప్రకటన వెలువడని చిన్న రికాళ్ళు వారం వారం వచ్చే అమలు నివేదికలో మాత్రమే కనబడతాయి. బ్రిటన్‌లో ఆహార ప్రమాణాల సంస్థ, ఐరోపా సమాఖ్యలో ఆహారం, పశుదాణాల సత్వర హెచ్చరిక వ్యవస్థ ఈ పని చేస్తాయి. కొన్ని పెద్ద దుకాణాలు తమ సభ్యత్వ కార్డు మీద కొన్న సరుకును బట్టి కొనుగోలుదారుకు నేరుగా కబురు చేస్తాయి. అమెరికాలో స్థిరపడి కుక్కను పెంచుకొంటున్న తెలుగు కుటుంబాలకు ఈమెయిలు చందా ఒక్కటి చేసుకొనుట అన్నింటిలో సులువైన పని.

వాట్సాప్ వంటి వాటిలో తిరిగే హెచ్చరికలలో పాతవి చాలా ఉంటాయి. 2007 నాటి జాబితా కూడా ఈనాటిదిగా తిరగవచ్చు. సందేశంలో తేదీ, లాట్ నంబరు లేకపోతే తయారీదారు ప్రకటనతో గాని, అధికార జాబితాతో గాని సరిచూసుకోవలెను. రికాల్ సాధారణంగా ఫలానా సంస్థ ఆహారమంతా అని రాదు. ఫలానా రకం, ఫలానా పరిమాణం, ఫలానా లాట్ అని వస్తుంది.

సంచి మీది అంకెలు

ప్రకటనను తన ఇంటి సంచితో పోల్చిచూచుటకు మూడు వివరాలు కావలెను: బార్ కోడు కింద ఉండే అంకెలు, లాట్ లేదా బ్యాచ్ నంబరు, వాడదగిన ఆఖరు తేదీ. లాట్ నంబరు తరచుగా సంచి వెనుక, కుట్టు దగ్గర లేక డబ్బా అడుగున చుక్కల అక్షరాలతో ముద్రించబడి ఉంటుంది. ఏ కర్మాగారంలో, ఏ రోజున తయారైనదో అందులో ఇమిడి ఉంటుంది.

చాలా ఇళ్ళలో జరిగే పని ఏమనగా, పెద్ద సంచి తెచ్చిన వెంటనే ఆహారాన్ని ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి సంచిని పారవేయుట. ఆ క్షణంతో ఈ అంకెలన్నీ పోతాయి. ఆహారాన్ని సంచితో సహా డ్రమ్ములో పెట్టుట మంచిది. పోయవలసి వస్తే సంచి అంచును కత్తిరించి, కొన్న రసీదుతో కలిపి దాచవలెను, లేదా ఫోనుతో ఛాయాచిత్రం తీసుకోవలెను. డ్రమ్ములో పాత ఆహారం మీద కొత్తది పోయరాదు, కలిసిపోతే ఏ లాట్ ఏదో చెప్పలేము.

తన సంచి రికాల్‌లో ఉన్నదని తేలితే పెట్టుట వెంటనే ఆపవలెను. ఆహారాన్ని వీధికుక్కలకు, పశువులకు, కాకులకు వేయరాదు. వృథా చేయకూడదన్న మంచి అలవాటు ఈ ఒక్కచోట ప్రాణాంతకం. మూతగట్టిగా కట్టి, జంతువులు చింపలేని రీతిలో పారవేయుట గాని, దుకాణానికి తిరిగి ఇచ్చుట గాని చేయవలెను. డ్రమ్మును, గిన్నెను, చేతులను సబ్బుతో కడుగవలెను. కుక్కకు జబ్బు చేసి ఉంటే మాత్రం మొత్తం పారవేయక, కొద్దిగా ఆహారాన్ని సంచితో సహా కట్టి, ఇతరులకు అందకుండా పరీక్ష కొరకు ఉంచవలెను. పశువైద్యునికి ఆహారం పేరు, లాట్ నంబరు, ఎన్ని రోజులుగా పెట్టినది చెప్పుట చికిత్సకు తోడ్పడుతుంది. దురదృష్టవశాత్తు కుక్క మరణిస్తే శవపరీక్ష ఒక్కటే కారణాన్ని తేల్చగలదు. దుఃఖసమయంలో అది అడుగుట వైద్యునికి, ఒప్పుకొనుట యజమానికి కష్టమే.

భారతదేశంలో

తెలుగు ఇళ్ళలో నిన్నమొన్నటి వరకు కుక్కకు పెరుగన్నమో, మిగిలిన అన్నమో పెట్టేవారు. ఇప్పుడు పట్టణాలలో సంచి ఆహారం వాడుక బాగా పెరిగినది. తెలంగాణలోని సిద్దిపేట జిల్లాలో మార్స్ సంస్థకు పెంపుడు జంతువుల ఆహార కర్మాగారం ఉన్నది.

అయితే భారతదేశంలో మనుషుల ఆహారానికి ఉన్న రికాల్ నియమాలు కుక్కల ఆహారానికి వర్తించవు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో ఆహారం అన్నమాటకు ఇచ్చిన నిర్వచనం నుండి పశుదాణా మినహాయించబడినది. ఆ చట్టం కింద 2017లో వచ్చిన రికాల్ నిబంధనలు కూడా మనుషుల ఆహారానికే పరిమితం. భారతీయ ప్రమాణాల సంస్థ కుక్కల, పిల్లుల ఆహారం కొరకు ఐఎస్ 11968 అనే ప్రమాణం రూపొందించినది. జంతు సంబంధ పదార్థాలు గల ఆహారాన్ని దిగుమతి చేసుకొనుటకు కేంద్ర పశుసంవర్ధక శాఖ అనుమతి పత్రం తప్పనిసరి. దీనికి మూలం 1898 నాటి పశుసంపద దిగుమతి చట్టం. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని 20వ సెక్షను, ప్రమాదకరమైన వస్తువులను వెనుకకు రప్పించమని ఆజ్ఞాపించే అధికారాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఇచ్చినది. దానిలో ఆహారమా, దాణాయా అన్న తేడా లేదు.

ఈ పరిస్థితిలో, విదేశంలో రికాల్ అయిన ఆహారం ఇక్కడి దుకాణంలో ఉన్నదా లేదా అని చూసుకొనే భారం చాలావరకు యజమాని మీదనే పడుతుంది. పొట్లపు సరుకుల నిబంధనల ప్రకారం సంచి మీద తయారీదారు లేక దిగుమతిదారు పేరు, చిరునామా, ఫిర్యాదులకు సంప్రదించవలసిన వివరాలు ఉండవలెను. ఈ చీటీ లేకుండా అమ్మే విదేశీ సంచులు, చిల్లరగా తూచి అమ్మే ఆహారం ఏ లాట్‌కు చెందినవో కనిపెట్టుట అసాధ్యం కనుక కొనకుండుట మేలు. అనుమానం కలిగినపుడు దిగుమతిదారుకు లాట్ నంబరుతో సహా రాతపూర్వకంగా తెలియజేయవచ్చును. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫిర్యాదు చేయవచ్చును. శవపరీక్ష, రోగనిర్ధారణల విషయమై స్థానిక పశువైద్యుని ద్వారా హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయాన్ని గాని, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయాన్ని గాని సంప్రదించవచ్చును.